తొమ్మిది దగ్గర ఆగే గొంతు

మా మేనత్త పనిచేసిన ఆఫీసులో నేలకింది గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక అక్కడ ఎవరో లెక్కపెడతారని అనేవాళ్లు. ఒకటి నుంచి తొమ్మిది దాకా… ఆగి… మళ్లీ ఒకటి నుంచి.

ఇది అత్త చెప్పగా విన్నదే. నా పైత్యం ఏమీ కలపలేదు.

వైద్య పత్రికల్లో వచ్చే ప్రతి వ్యాసానికీ ఒక కార్డు టైపు చేసి, సరైన సొరుగులో పెట్టడం ఆవిడ పని. డాక్టర్లు ఆ సొరుగులు చూసే వ్యాసాలు వెతుక్కునేవారు. అదంతా పూసల లెక్కరా, అనేది. విడిపూస అమైనో ఆమ్లం. కొన్ని పూసల చిన్న పేట పెప్టైడ్. పదులూ వందలూ గుచ్చిన పొడుగాటి దండ ప్రోటీన్. మూడింటికీ మూడు వరసల సొరుగులు, ఆ కింది గదిలోనే.

ఆ ఏడు ఒక ఇంజెక్షన్ మందు తాలూకు కార్డు ఆవిణ్ని పీక్కుతింది. ప్రోటీన్ల సొరుగులో ఉండాల్సింది, పొద్దున వచ్చేసరికి పెప్టైడ్లలో ఉండేది. నెత్తిన ప్రోటీన్ అని రాసే ఉంది కదా అని విసుక్కుంటూ తిరిగి పెట్టేది. మర్నాడు మళ్లీ మామూలే. అలా ఆరుసార్లు. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచెయ్యమని సెక్షన్ హెడ్డు నలుగురిలో గడ్డిపెట్టాడు.

దాంతో రోషం వచ్చింది. దెయ్యమో భూతమో తేల్చుకుందామని ఓ సాయంత్రం, అందరూ వెళ్లాక, సొరుగుల వెనక నక్కి కూర్చుంది.

చీకటి పడింది. చాలాసేపు ఏమీ లేదు…

తర్వాత — వెనక తలుపు కిర్రుమంది. అడుగులు… సొరుగు జరిగిన చప్పుడు… కాగితాలు తిరగేస్తున్న చప్పుడు…

"ఒకటి… రెండు… మూడు…"

ఎండిపోయిన గొంతు. తొమ్మిది దగ్గర ఆగింది.

"తొమ్మిదే… తొమ్మిది పూసలకే ప్రోటీన్ అని రాసేశారు."

అత్త లేచి స్విచ్ వేసింది.

ఒక పెద్దాయన, చేతిలో ఆ కార్డు. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న తెల్లచొక్కా. ఆవిడ చేరకముందే రిటైరైన సూపర్వైజరు — గోడమీద ఫొటోలో రోజూ చూసే మొహమే. పాత గౌరవం కొద్దీ వాచ్‌మన్ తలుపు తీసేవాడట.

గుండె కుదుటపడింది. నవ్వు కూడా రాబోయింది. ఏం వెతుకుతున్నారండీ, అని అడిగింది.

"దొరికింది కదమ్మా… పోయినేడు మా ఆవిడకి ఈ ఇంజెక్షన్ ఇచ్చారు. మూత్రపిండాలు బాగాలేనివాళ్లకి ఇస్తే గుండె ఆగొచ్చని ఈ వ్యాసంలో ఉంది. డాక్టరు మంచివాడే. ఇచ్చే ముందు పెప్టైడ్ల సొరుగంతా వెతికించాడు. అందులో లేదు."

అత్త ఆయన చేతిలోని కార్డు అందుకుంది.

కార్డు కింది మూలన రాసినవాళ్ల పొడి అక్షరాలుంటాయి. ఆరుసార్లు పట్టుకున్న కార్డే… ఆ మూల ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

అవి ఆవిడవే.

"నేను దీన్ని చోటు మార్చి పోతున్నా," అన్నాడాయన మెల్లగా. "ఎవరో మళ్లీ అక్కడే పెడుతున్నారు. ఆ మనిషెవరో చూసే పోదామని ఇవాళ వచ్చాను. మీకేమైనా తెలుసా?"

దెయ్యమైనా బాగుండేది అనుకుందిట అత్త.

"నేనేనండీ. రాసిందీ… నేనే."

ఆయన కోప్పడలేదు. జేబులోంచి కలం తీసి, మూత విప్పి, ఆవిడ చేతిలో పెట్టాడు.

"రాసినవాళ్లే దిద్దాలి," అన్నాడు.