మరుసటి రోజు మెసేజీ

ముత్యాలయ్య చేపల వేట నుంచి వచ్చి వసారాలో సద్దన్నం తింటున్నాడు. ఎదురుగా కూతురు ఉష తన ఫోనును కవరులో పెడుతోంది. ఆ రోజు దాన్ని నెల్లూరు కోర్టులో అప్పగించాలి.

ఇరవై నాలుగేళ్ల ఉష అల్లూరు దగ్గర రొయ్యల కంపెనీలో పనిచేసేది. నిరుడు అక్కడి సూపర్‌వైజరు ఆమెపై అత్యాచారం చేశాడు. ఆమె పేరు బయటికి పొక్కకుండా తలుపులు మూసి విచారణ జరుపుతున్నారు. ఉషకూ అతనికీ మధ్య నడిచిన మెసేజీలు చూడాలని ముద్దాయి లాయరు అడిగాడు. అత్యాచారం జరిగిన ఆ ఒక్క నెలవి మాత్రమే చూపాలనీ, ఫోనులో మిగతా వాటి జోలికి ఎవరూ పోకూడదనీ జడ్జి చెప్పాడు.

ముత్యాలయ్యకు అదీ మింగుడుపడలేదు. ప్రభుత్వ లాయరు కరుణాకుమారితో వాదనకు దిగాడు. ముద్దాయికి తన మాట చెప్పుకునే వీలు ఇవ్వకపోతే రేపు తీర్పు పైకోర్టులో నిలవదని ఆమె ఓపికగా వివరించింది.

"ఇయ్యబాకమ్మా. సముద్రంలో పడిపోయిందని చెప్తా," అన్నాడు ముత్యాలయ్య ఇప్పుడు కూతురితో.

ఉష తల అడ్డంగా ఊపింది. అది జరిగిన మరుసటి రోజు తానే వాడికి మెసేజీ పెట్టానని చెప్పింది. 'సార్, రేపు డ్యూటీకి వస్తా' అని.

చేపలు కోస్తున్న తల్లి మాలకొండమ్మ చెయ్యి ఆగిపోయింది.

"వాడు అంత పని చేసినాక మెసేజీ ఎట్టా పెట్టినావు?" ముత్యాలయ్య గొంతు పెరిగింది.

"వాడి లాయరు కూడా ఇదే అడగతాడు నాయనా," అంది ఉష. "అప్పటికి ఎవరికీ చెప్పలా. ఏమీ జరగనట్టు ఉంటే పోతుందనుకున్నా. తలకాయ నొప్పి, పనికి పోనని నేనంటే, పనిలోంచి తీసేస్తారు, పొమ్మని నువ్వే అన్నావు. నాలుగు రోజులు పనికి పోయినా. అయిదో రోజు నా వల్ల కాక అమ్మకు చెప్పినా."

ముత్యాలయ్యకు ఆ పొద్దు గుర్తొచ్చింది. గడప దగ్గర నిలబడిపోయిన పిల్లను తానే కసిరి కంపెనీ బండెక్కించాడు. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత తానే ఆమెను నెల్లూరు తీసుకుపోయాడు.

నెల తర్వాత కోర్టులో ఉషను ముద్దాయి లాయరు ప్రశ్నించాడు. రెండు గంటలు ముత్యాలయ్య మూసిన తలుపుల బయట కూర్చున్నాడు. ముందుగా బయటికి వచ్చిన కరుణాకుమారి, లాయరు ఆ మెసేజీ గురించే తిప్పి తిప్పి అడిగాడనీ, ఉష ఎక్కడా తడబడలేదనీ చెప్పి వెళ్లింది.

ఉష వచ్చి పక్కన కూర్చుంది. అతను అడిగాడు.

"పనికి పొమ్మని నేను కసిరింది కూడా చెప్పినావా?"

"చెప్పినా నాయనా. కోర్టులో రాసుకున్నారు. కోపమా?"

అతను తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు అదురుతుంటే ఉష అతని వీపు మీద చెయ్యి వేసింది.

"నిజమే గదమ్మా," అన్నాడు చివరికి. "రాసుకోనీ."