ఎర్రదీపం వెలిగే గది

ఆ హాలు వెనక సందులోంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. ఎంత తొందర పనున్నా సరే, చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు మీదుగానే పోతారు. ఎందుకంటే ఆ సందు గోడకి అవతల, నేల కింద, ఒక గది ఉంది.

ఆ గదిలోంచి పాట వినిపిస్తుందట... చనిపోయిన గాయని పాట.

అభిమానులని అడగండి, చెవులు చిల్లులు పడేలా చెప్తారు. ఒకాయనకి సంగతులతో సహా వినిపించిందట. ఇంకొకాయన, పోయాక ఆవిడ గొంతు మరింత బాగుపడిందన్నాడు! బట్టలు కుట్టే టైలరమ్మ అయితే తన మిషను మీద ఒట్టేసి చెప్తుంది — ఆ రాత్రి ఆ గది తలుపు తన చేతులతో తానే తీసిందట.

ఈ కథలో సగం నేను ఊరి నోట విన్నాను. మిగతా సగం మా పిన్ని చెప్పింది. ఊరు చెప్పే సగంలో మా పిన్ని ఎక్కడా ఉండదు. నా కడుపుమంటంతా అదే.

ముందు గది సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఆ హాల్లో పాటలు రికార్డు చేసేవారు. గొంతుకి లోతు రావాలని స్టేజీ కింద ఒక ఖాళీ గది కట్టారు. నున్నటి గోడలు, ఒక స్పీకరు, ఒక మైకు, అంతే. పైన పాడింది స్పీకర్లోంచి గదిలోకి వస్తుంది. గోడలకి తగిలి తిరిగిన ధ్వనిని మైకు మళ్ళీ పైకి పంపుతుంది. ఎకో గది అనేవారు.

లోపల తలుపు పైన ఒక ఎర్ర బల్బు. అది వెలిగిందంటే మైకు పనిచేస్తోందని. అప్పుడు దగ్గు వచ్చినా మింగెయ్యాలి. అది అక్కడి కట్టుబాటు.

మా పిన్ని ట్రాక్ సింగరు. అంటే పెద్ద గాయని తీరిక చేసుకుని వచ్చేలోపు పాటని ముందుగా పాడిపెట్టే మనిషి. తర్వాత ఆ గొంతు చెరిపేసి, అదే చోట గాయని పాడుతుంది. ఇరవై ఏళ్ళు పిన్ని ఆవిడకి ట్రాక్ పాడింది. ఆవిడ ఎక్కడ ఊపిరి తీస్తుందో అక్కడే తీసేది, ఎక్కడ మాట విరుస్తుందో అక్కడే విరిచేది. "అక్కా" అని పిలిచేది. ఆ అక్క కొత్త పాట నేర్చుకోవాలంటే పిన్నిని ఆ గదిలోకే తీసుకెళ్ళి పాడించుకునేదట.

ఆవిడ పోయిన ఏడాదికి అభిమానులు అదే హాల్లో నివాళి కచేరీ పెట్టారు. హాలుకి అదే ఆఖరి కార్యక్రమం. మర్నాటి నుంచి తాళం — వాటాదార్ల తగువు తేలేదాకా మళ్ళీ తీయరు. ఎన్ని నెలలో ఎవరికీ తెలీదు.

పిన్నిని కోరస్‌లో, మూడో వరుసలో నిలబెట్టారు — ఉన్నా లేకపోయినా ఎవరూ గమనించని చోటు. అటునుంచి అటే వేరే ఊళ్ళో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి వెళ్తానని మాకు చెప్పి బయల్దేరింది. కాబట్టి ఆ రాత్రి ఇంట్లో ఎవరం ఎదురుచూడలేదు.

కచేరీ మొదలయ్యే ముందు ఒక్కసారి ఆ గది చూసి రావాలనిపించిందట. చేతిసంచీ, ఫోనూ కుర్చీలో వదిలేసి మెట్లు దిగింది. అక్క కూర్చునే స్టూలు ఇంకా అక్కడే ఉంది. దాని మీద చెయ్యి వేసి నిలబడింది...

వెనకాల మెత్తగా చప్పుడైంది.

తలుపు మూసుకుంది. దూది కుక్కిన బరువైన తలుపు, దానంతటదే మూసుకుంటుంది. లోపలి పిడి ఏనాడో ఊడిపోయింది. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు బయటినుంచి తీసేవారు కాబట్టి దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు.

పిన్ని తలుపు మీదికి దూకింది. బాదింది. అరిచింది. చప్పుడు బయటికి పోకూడదనే కట్టిన గది అది... ఎవరికి వినిపిస్తుంది?

అంతలో ఎర్ర బల్బు వెలిగింది.

ఆఖరి కచేరీ కదా, పాత ఎకో ఉంటే బాగుంటుందని సౌండు చూసే అతను ఆ గది లైను మళ్ళీ కలిపాడు. స్పీకర్లోంచి వయొలిన్లు వచ్చాయి. జనం చప్పట్లు వచ్చాయి. పిన్ని నోరు టక్కున మూసుకుపోయింది!

ఇక్కడ నాకు ఒళ్ళు మండిపోతుంది. "అరవొచ్చు కదా పిన్నీ!" అన్నాను. "లైటు వెలుగుతుంటే ఎలాగే? అక్క పాటలో అరుపా?" అంది.

అలా ఇరుక్కుంది మా పిన్ని. పాట అయిపోగానే అతను మీట దించేస్తాడు. బల్బు ఆరుతుంది, అప్పుడు ఎంత అరిచినా పైకి వెళ్ళదు. పాట మొదలవగానే బల్బు వెలుగుతుంది. అప్పుడు వినిపిస్తుంది... కానీ కట్టుబాటు నోరు తెరవనివ్వదు. పాట తర్వాత పాట అయిపోతోంది. కచేరీ ముగిస్తే తాళం పడుతుంది. గాలి వచ్చే దారి కూడా లేదు.

చివరి పాట వచ్చింది.

ఆ పాట స్టేజీ మీద ఎవరూ పాడకూడదని ముందే అనుకున్నారు. స్టేజీ మధ్యలో ఖాళీ మైకు, దాని మీద లైటు. వాద్యాలు మోగుతాయి, అభిమానులే పాడాలి. వయొలిన్లు ఎత్తుకున్నాయి... పల్లవి అందుకునే చోటొచ్చింది...

ఒక్క గొంతూ లేవలేదు. హాలంతా ఏడుస్తోంది. వెక్కిళ్ళు, ముక్కు చీదడాలు, ఎవరో పెద్దాయన "అమ్మా, ఒక్కసారి రామ్మా" అనడం — అంతా స్పీకర్లో పిన్నికి వినిపిస్తోంది. అక్క రాలేదు. అక్క చోటు ఖాళీగా ఉంది. అక్క వచ్చేలోపు ఆ చోటు నింపడమే కదా ఇరవై ఏళ్ళుగా తన పని...

పిన్ని అందుకుంది.

పైన ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు, ఊరే చెప్తుంది. ఖాళీ మైకు మీద లైటు వెలుగుతోంది... నేల కిందనుంచి ఆవిడ గొంతు పైకి లేచింది. ఒకావిడ కెవ్వుమంది. వయొలిన్ అతను మాత్రం ఆపలేదు. జనం లేచి నిలబడ్డారు, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. "వచ్చింది! మా అమ్మ వచ్చింది!" పాట ముగిసేసరికి హాలు దద్దరిల్లిపోయింది. "వెళ్ళిపోకమ్మా... మళ్ళీ రా... మాతోనే ఉండిపో..."

జీవితంలో మొదటిసారి పిన్ని తన పాటకి చప్పట్లు వింది.

సౌండు అతని చెయ్యి కొయ్యబారిపోయినట్టుంది — మీట దించలేదు. ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. పాట లేదు, లైటుంది. ఇదే అదను. పిన్ని బలమంతా కూడగట్టుకుని, ఆ కట్టుబాటు దాటింది.

"నేను... ఇక్కడే ఉన్నాను... తలుపు తీయండీ..."

గోడలకి తగిలి, రెండింతలై, ఆ మాట పైకి వెళ్ళింది.

అందరి కళ్ళూ నేలవైపు తిరిగాయి.

తర్వాత — పరుగో పరుగు! కుర్చీలు పడ్డాయి, చెప్పులు తెగాయి. రా రా అని గుండెలు బాదుకున్నవాళ్ళే, వచ్చానంటే గేటు దూకారు. ఆ పెద్దాయన అందరికంటే ముందున్నాడట. సౌండు అతనూ, కోరస్ వాళ్ళూ ఎవరూ ఆగలేదు. ఎవరో మెయిన్ స్విచ్చి కట్టేశారు. బల్బు ఆరిపోయింది.

చిమ్మచీకటి. పిన్ని స్టూలు పట్టుకుని కూలబడింది. అరవడానికి ఓపిక కూడా లేదు. నేనిక ఇక్కడే పోతాను అనుకుందట.

ఎంతసేపో...

గడియ కదిలింది. కిర్రుమని తలుపు... సన్నటి టార్చి వెలుగు.

గుమ్మంలో టైలరమ్మ. కాళ్ళకి చెప్పుల్లేవు. గాయని పాటలు నేర్చుకునే గది ఇదేనని వెతుక్కుంటూ, దెయ్యమని తెలిసే వచ్చింది. అంతమంది అభిమానుల్లో తనొక్కతే వచ్చింది.

"అమ్మా... వచ్చానమ్మా..." అంటూ టార్చి పిన్ని మొహం మీద వేసింది.

వేసి, ఆగిపోయింది. వెలుగు పిన్ని భుజం మీదుగా జారి లోపలికెళ్ళింది. నాలుగు మూలలూ వెతికింది. స్టూలు కిందా వెతికింది.

"మీరు... కోరస్ ఆవిడ కదూ?"

"అవునండీ."

"మరి ఆవిడేరీ?"

ఆ మొహం చూస్తే చీకట్లో కూర్చున్నప్పటికంటే ఎక్కువ భయమేసిందట పిన్నికి. నేనే పాడానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి...

"ఇప్పుడే వెళ్ళారమ్మా" అంది మెల్లగా.

టైలరమ్మ మెట్ల మీదే చతికిలబడి, సంతోషంతో ఏడ్చింది. పిన్ని చెయ్యి పట్టుకుని, "ఆవిడ పాడుతుంటే పక్కనే ఉన్నారు... ఎంత అదృష్టవంతులండీ!" అంది.

ఈ సంగతి విన్న రోజు పిన్నితో నేను పెద్ద గొడవే పెట్టుకున్నాను. "అంత బాగా పాడి, ఆ ఒక్క మనిషికైనా నిజం చెప్పలేకపోయావా?"

పిన్ని నా వైపు చూడకుండానే అంది:

"చెప్తే... మళ్ళీ తలుపు వేసేస్తుందేమోనని భయమేసిందే."