రెండు వందల పద్దెనిమిదో చుట్టు

"ఈ ఒక్కరోజుకి దుకాణం తియ్యకపోతే కొంపలేం మునుగుతాయి నాన్నా?"

కూతురి చేతిలో టీ చల్లారిపోతోంది. ఆమె ఆ మాట అడగడం అది మూడోసారి. తండ్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు.

"కొంపలు మునగవు గానీ, క్లినిక్‌లో పేషెంట్లు ఉడికిపోతారమ్మా. నాలుగు ఫ్యాన్లు కాలిపోయాయి. మధ్యాహ్నానికి ఇస్తానని మాటిచ్చాను."

"దుకాణం గది చూడ్డానికి ఆఫీసు సార్ వస్తున్నారు. ఆ వార్నిష్ కంపూ, ఆ నల్ల చేతులూ..."

"ఆ నల్ల చేతులేగా నిన్ను డిగ్రీ దాకా చదివించింది?" వంటింట్లోంచి తల్లి అందుకుంది. "వారం నుంచీ చూస్తున్నాను, నీ వాలకం బాలేదు. ఏం దాస్తున్నావే?"

"అబ్బా, నువ్వుండమ్మా!"

తండ్రి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

దుకాణం ఉన్న వీధిలో అందరూ ఆయన్ని లెక్కల మేస్త్రి అంటారు. కాలిపోయిన మోటార్లకి, ఫ్యాన్లకి కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించడం ఆయన పని. చేతి చక్రం తిప్పుతూ ఒక్కో చుట్టునీ పెదాల మీదే లెక్కపెడతాడు. లెక్క తప్పితే తీగంతా విప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలి. అందుకని ఆయన పెదాలు కదులుతున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదు. ఆ ఇంట్లో అది శాసనం. ఆరేళ్ళప్పుడు బల్ల మీంచి పడి మోకాలు చీరుకున్న కూతురు కూడా, గౌను నోట్లో కుక్కుకుని కూర్చుని, లెక్క పూర్తయ్యాకే బావురుమంది. ముప్పై ఒక్కేళ్ళలో ఆయన లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఇప్పుడా వీధిని నగరపాలక సంస్థ బాగుచేస్తోంది. ఆ బాగు చూస్తే ఒళ్ళు మండుతుంది. షట్టర్లన్నిటికీ ఒకే బూడిద రంగు పులిమారు. పేర్లున్న బోర్డులన్నీ పీకి ఓ మూల పడేశారు. మురుగు కాలవ ఎప్పటిలాగే గప్పుమంటోంది, దాని మీద మాత్రం పూలకుండీలు పెట్టారు. గదులన్నీ సంస్థవే. ఖాళీ అయినవాటిని కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకి తక్కువ అద్దెకిచ్చి, ఏడాదిపాటు చేయూతనిస్తారట. ఏళ్ళ తరబడి అక్కడే రెక్కలు ముక్కలు చేసుకున్నవాళ్ళకి ఊరి బయట రేకుల షెడ్డు చూపించారు.

కూతురు చెడ్డపిల్లేం కాదు. పాత ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసి అమ్మే దుకాణం పెట్టాలని ఆమె కోరిక. గది తన పేరు మీదకి వస్తే తండ్రి బల్ల కూడా అక్కడే ఉండిపోతుంది, షెడ్డుకి పోయే బాధ తప్పుతుంది అనుకుంది. అందుకే దరఖాస్తులో 'పాత పని మూతపడింది, గది ఖాళీ' అని రాసి సంతకం పెట్టింది. రెండు నెలలు కళ్ళు మూసుకుంటే అన్నీ సర్దుకుంటాయని తనకి తనే నచ్చజెప్పుకుంది. ఆ సంతకం సంగతి తండ్రితో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

పదకొండింటికి కూతురు సంస్థవాళ్ళ చేయూత కేంద్రం అధికారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి షట్టరు బార్లా తెరిచి ఉంది. తండ్రి బల్ల దగ్గర కూర్చుని చక్రం తిప్పుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

అధికారి గుమ్మంలోనే ఆగి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకా ఏదీ ముట్టుకోకుండానే జేబులోంచి చిన్న సీసా తీసి చేతులు శుభ్రం చేసుకున్నాడు.

"గది పర్లేదు. గోడలు గీకించి ఇటుక బయటపడేలా చెయ్యండి, ఇప్పుడదే ఫ్యాషను. ఆ చక్రం భలే ఉందే! దాన్ని గోడకి తగిలించి లైటు పెట్టండి, జనం ఎగబడి ఫొటోలు తీసుకుంటారు." తిరుగుతున్న చక్రం మీదకి వంగి చూశాడు. "ఏమయ్యా, ఇదెన్నాళ్ళదీ?"

తండ్రి పలకలేదు. చెయ్యీ ఆపలేదు.

"చెవుడా ఏంటి? ఎవరీ ముసలాయన? గది ఖాళీ అన్నారుగా?"

కూతురు అధికారి వైపు చూడలేదు. కళ్ళు తండ్రి మొహం మీంచి కదల్లేదు.

"పాత సామాను తీసుకెళ్ళడానికి వచ్చాడండీ. వెళ్ళిపోతాడు."

చక్రం ఆగింది. పెదాలూ ఆగాయి.

గుమ్మంలో అన్నం డబ్బా ఠంగుమని కింద పడింది. తల్లి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఛీ! నోరెలా వచ్చిందే నీకు? కన్నతండ్రిని పట్టుకుని ఎవరో దారినపోయేవాడన్నట్టు అంటావా?"

"అమ్మా, నాన్న కోసమే ఇదంతా..."

"ఆయన కోసమా! ఫినాయిలు పోసి కడుక్కున్నా ఈ కంపు నీ నోటికి పోదే!"

అధికారి విసుగ్గా గడియారం చూసుకున్నాడు. "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండమ్మా. ఆయన మీ నాన్నయితే మాత్రం ఏమైంది? ఓ ఐదు నిమిషాలు బయట కూర్చోమనండి. ఆ బల్ల మీద గుడ్డ కప్పితే ఖాళీ గదని ఫొటో తీసుకుంటాను. ఈ నెల్లో ఇంకా ఇద్దరు కొత్తవాళ్ళని పైవాళ్ళకి చూపించాలి నేను. మిగతాది నే చూసుకుంటాగా." అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక అర్థమైంది కూతురికి. తను రాసింది అబద్ధమని తెలిసినా అతనికి పట్టలేదు. అది అతనికి పనికొచ్చింది, అంతే.

అంతలో తండ్రి లేచాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని, తన పీట తనే ఎత్తుకున్నాడు.

"సరేనమ్మా, నేను బయట కూర్చుంటాను. నీ పని కానియ్యి."

ఆ గొంతులో కోపం ఉన్నా ఆమె తట్టుకునేది. అది లేదు. ఆయన నిజంగానే మురుగు కాలవ పక్కకి, పూలకుండీల దగ్గరికి నడుస్తున్నాడు. తన మీద తనకే అసహ్యం పుట్టింది ఆమెకి. పరుగున వెళ్ళి పీట లాక్కుంది.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు నాన్నా. లోపల కూర్చో." అధికారి వైపు తిరిగింది. "గది ఖాళీ కాదండీ. ఈయన మా నాన్న. ముప్పై ఒక్కేళ్ళుగా ఇక్కడే పని చేస్తున్నారు. నేను రాసింది అబద్ధం. ఆ కాయితం ఇలా ఇవ్వండి."

"ఇచ్చానంటే మళ్ళీ ఈ జన్మలో మీకు గది రాదు."

"రాకపోతే పోనీ. కొత్తవాళ్ళకి చేయూత అంటున్నారు, బాగానే ఉంది. ఉన్నవాళ్ళ కోసం ఏ ఫారం ఉంది మీ దగ్గర?"

"అలాంటి ఫారం లేదు."

"అయితే నేనే రాస్తాను. ఈ వీధిలో పని జరుగుతున్న ప్రతి గదికీ వెళ్ళి సంతకాలు తీసుకుంటాను. రేపు ఆఫీసులోనే ఉండండి."

అధికారి కాయితం బల్ల మీద పడేసి, మళ్ళీ సీసా తీసి చేతులు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

తండ్రి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. చక్రం వైపు చూశాడు.

"షెడ్డుకి పొమ్మంటే పోదాంలే తల్లీ. కానీ..." సగం చుట్టిన తీగని తడిమాడు. "లెక్క పోయిందమ్మా."

తీగ కొస వెతుకుతున్నాడు, విప్పడానికి. కూతురు గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"విప్పకు నాన్నా. రెండు వందల పద్దెనిమిది."

ఆయన తలెత్తాడు.

"చిన్నప్పట్నుంచీ నీ పెదాలు చూస్తూ నీతోపాటే లెక్కపెడుతున్నాను. నువ్వు ఆగింది అక్కడే." ఆమె ఏడుస్తోంది. "ఆ పాడు మాట అంటున్నప్పుడు కూడా నీ పెదాలే చూస్తున్నాను నాన్నా. చూస్తూనే అన్నాను."

ఆయన నల్లటి చేతిని ఆమె తల మీద కాసేపు ఉంచాడు. తర్వాత మోచేత్తో కళ్ళు తుడుచుకుని చక్రం పిడి పట్టుకున్నాడు.

తల్లి ఇంకా ఏదో అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి చేరగిలబడింది. కూతురు బల్ల పక్కన నేల మీద కూర్చుంది. చక్రం కదిలింది.

రెండు వందల పంతొమ్మిది, అన్నాయి ఇద్దరి పెదాలూ.