రెండు పిన్నులు

చీకటి!

కళ్ల ముందు ఏమీ లేదు. ఒట్టి నలుపు.

"మంట!" ఎవరో అరుస్తున్నారు.

టెగన్ కుడిచెయ్యి కిందికి దూసుకుపోతుంది. వేళ్లకి మీట తగులుతుంది. లాగుతుంది.

"ఇంధనం ఆపు!"

ఎడమచెయ్యి. ముందుకి తోస్తుంది.

"పారాచూట్!"

తల పైన. గుప్పిట పట్టి ఒక్క గుంజు!

"బయటికి! బయటికి! కాలిపోతున్నావ్... చస్తున్నావ్!"

గుండెల మీద బెల్టుల బిళ్ల. తిప్పుతుంది. ఊడదు. మళ్లీ తిప్పుతుంది. ఊడింది! ఇనుప గొట్టాల మధ్య నుంచి ఒళ్లు ఈడ్చుకుంటూ బయటికి దూకుతుంది. మోకాలు నేలకి కొట్టుకుంటుంది.

ఎవరో ఆమె కళ్లగంతలు ఊడబీకుతారు.

మధ్యాహ్నం రెండు గంటలు. కళ్లు బైర్లుకమ్మే ఎండ. ముఖం నిండా ఈగలు.

"తొమ్మిది సెకన్లు," అంటాడు క్లైవ్, స్టాప్‌వాచ్ చూస్తూ. "పది దాటితే మాడి మసైపోయేదానివి అమ్మాయ్. పాస్!"

నవ్వుతాడు. టెగన్ కూడా నవ్వుతుంది.

వీణ్ణి చంపాలి!

ఈ రోజే చంపాలి.

టెగన్ మోయిల్‌కి ముప్ఫై ఒకటి. పోర్ట్ పిరీ ఊళ్లో వెల్డర్. కారు మాత్రం ఆమెది కాదు. తమ్ముడు జోరీది. అరవై తొమ్మిది నాటి మొనారో మోడల్, రేసు కారుగా మార్చింది. బానెట్ చీల్చుకుని పైకి లేచిన, ఇంజిన్‌లోకి గాలి కుక్కే సూపర్‌ఛార్జర్. పదిహేను వందల గుర్రాల ఇంజిన్. తాగేది పెట్రోలు కాదు, మెథనాల్. పావు మైలు పోవడానికి ఏడే సెకన్లు!

రెండేళ్ల కింద ఇదే రేసు ట్రాక్ చివర, ఇదే కారులో జోరీ పోయాడు. మూడొందల కిలోమీటర్ల వేగంలో, కారుని ఆపడానికి వెనక పారాచూట్ లాగాడు.

పారాచూట్ విచ్చుకోలేదు.

ప్రమాదమని రాసేశారు. పాపం కుర్రాడన్నారు. ఫైలు మూసేశారు.

కానీ అంతకి మూడు రోజుల ముందు జోరీ ఫోన్ చేశాడు. "అక్కా, క్లైవ్ మన ట్రైలర్‌లో దొంగ ఇంజిన్లు తోలుతున్నాడు. నా కళ్లతో చూశా. సోమవారం పోలీసుల దగ్గరికెళ్తున్నా."

శనివారం చచ్చిపోయాడు.

క్లైవ్ తొమ్మిదేళ్లు జోరీకి మెకానిక్. శవపేటిక మోసినవాళ్లలో అందరికంటే గట్టిగా ఏడ్చింది వాడే.

విరిగిన కారుని ఏడాదికి పైగా కూర్చుని తనే అతికింది. గొట్టం గొట్టం. అతుకు అతుకు. తర్వాత నేరుగా క్లైవ్ షెడ్డుకే వెళ్లింది.

"నాకు నేర్పండి," అంది.

ఈ చుట్టుపక్కల ఇలాంటి కారుకి లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టగలిగేది వాడొక్కడే. వాడు ఆమెని చాలాసేపు చూశాడు. తర్వాత భుజం తట్టాడు.

"జోరీ కోసం," అన్నాడు.

ఎనిమిది నెలలు!

మొదటి నెల ఇంజిన్ స్టార్ట్ చెయ్యనివ్వలేదు. బెల్టులు కట్టుకో, విప్పుకో. కట్టుకో, విప్పుకో. తర్వాత అరవై అడుగులు పోయి ఆగడం. తర్వాత సగం ట్రాక్.

"కారు పక్కకి జరిగింది. ఏం చేస్తావ్?"

"స్టీరింగ్ తిప్పుతా."

"చస్తావ్! పెడల్ మీంచి కాలు తీస్తావ్. అంతే. స్టీరింగ్‌తో కుస్తీ పట్టినోళ్లంతా గోడకి అంటుకుపోయారు. ముగింపు గీత దాటావ్. ముందు ఏది?"

"బ్రేకు."

"చస్తావ్! ముందు పారాచూట్. తర్వాత ఇంధనం. బ్రేకు ఆఖర్న. మళ్లీ చెప్పు."

బాగా నేర్పాడు దరిద్రుడు. అదే ఆమెకి ఒళ్లుమంట. మొదటిసారి సగం ట్రాక్ పోయినప్పుడు... వీపు మీద ఎవరో తన్నినట్టు కారు ముందుకి దూకినప్పుడు... మూడు సెకన్లు జోరీనే మర్చిపోయింది! నవ్వింది! ఆ తర్వాత ట్రైలర్ వెనక కూర్చుని, తనని తానే తిట్టుకుంటూ ఏడ్చింది.

పిన్నుల సంగతి అయిదో నెలలో చెప్పాడు.

కారుకి రెండు పిన్నులు. ఒకటి మంటలార్పే సీసాకి, ఒకటి వెనక పారాచూట్‌కి. రెండింటికీ ఎర్ర రిబ్బన్లు. పిన్ను ఉంటే పారాచూట్ ఎంత లాగినా విచ్చుకోదు. అందుకే పరుగు ముందు మెకానిక్ రెండూ పీకి, కారు ముందుకొచ్చి, చెయ్యెత్తి డ్రైవర్‌కి చూపించాలి. అప్పుడే డ్రైవర్ పరుగు మొదలయ్యే గీత దగ్గరికి కదులుతాడు.

"వెనకాల నిజంగా పీకారో లేదో నాకెలా తెలుస్తుంది?" అనడిగింది టెగన్.

"తెలీదు. రెండూ చూస్తావ్, నమ్ముతావ్. నమ్మలేనోళ్లు ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవాలి."

రెప్ప కూడా వెయ్యలేదు వాడు!

జంకు లేదు.

విచారణలో సాక్ష్యం చెప్పింది హెడ్లీ. నలభై ఏళ్లుగా ఇక్కడ పచ్చలైటు వేసే ముసలాయన. "క్లైవ్ చేతిలో రెండు పిన్నులూ నా కళ్లారా చూశా," అన్నాడు. అబద్ధం కాదు. చూశాడు.

కానీ ఈ పిన్నులు కొట్లో దొరుకుతాయి. అన్నీ ఒకటే సైజు. అవే ఎర్ర రిబ్బన్లు. ఇంకోటి కొని జేబులో వేసుకొస్తే?

పారాచూట్ పిన్ను దాని చోటే ఉంటుంది. చేతిలో మాత్రం రెండు!

ఆ రోజు నుజ్జయిన కారు దగ్గరికి అందరికంటే ముందు చేరింది క్లైవే. అసలు పిన్ను అప్పుడు పీకేసి ఉంటాడు. ఎవరు చూడొచ్చారు? రుజువు లేదు. ఏ పోలీసు వింటాడు?

అందుకే ఈ రోజు టెగన్ జేబులో మూడో పిన్ను ఉంది.

"ఏంటమ్మాయ్, మళ్లీ సగంలో కాలు తీశావ్?"

సగం ట్రాక్‌లో పెడల్ వదిలెయ్యడం ఈ రోజు ఇది మూడోసారి. కావాలనే తీసింది.

"కారు ఎడమకి లాగుతోంది క్లైవ్. భయమేస్తోంది. మీరొకసారి నడిపి చూపిస్తారా?"

వాడి ముఖం వెలిగిపోతుంది. పొగడ్తకి పడిపోయే రకం.

"దిగు, దిగు. ముసలోడి తడాఖా చూద్దువుగాని!"

హెడ్‌సెట్‌లో హెడ్లీ నవ్వు. టెస్టింగ్ రోజున అందరిదీ ఒకే ఛానెల్. "ఒరేయ్ క్లైవ్, నీ పొట్టకి ఆ బెల్టులు సరిపోతాయట్రా?"

"నువ్వు లైటు వెయ్యడం మర్చిపోకు ముసలాయనా!"

టెగన్ వాడి బెల్టులు బిగిస్తుంది. ఒకటి. రెండు. మూడు.

ఇంజిన్ పేలినట్టు మోగుతుంది. వేడెక్కడానికి వెనక టైర్లు నీళ్లలో గిర్రున తిరుగుతాయి. తెల్లటి పొగ. రబ్బరు కంపు. ఆమె చేతి సైగలకి కారు మెల్లగా వెనక్కొచ్చి ఆగుతుంది.

ఇక పిన్నులు.

సీసా పిన్ను పీకుతుంది. చేతిలో ఒకటి.

టెగన్ కారు వెనక వైపుకి నడుస్తుంది. ఇప్పుడు వాడికి కనపడదు. పారాచూట్ సంచి. దానికి వేలాడుతున్న ఎర్ర రిబ్బను.

జేబులోకి చెయ్యి పెడుతుంది. మూడోది వేళ్లకి తగులుతుంది.

ఏమీ చెయ్యక్కర్లేదు. పీకకుండా ఉంటే చాలు. ఏడు సెకన్లలో లెక్క సరి. జోరీ దవడ... అది జోరీదేనని గుర్తుపట్టమని తననే పిలిచారు...

పళ్లు కొరుకుతుంది. చెయ్యి చాస్తుంది.

టెగన్ కారు ముందు వైపుకి నడిచొస్తుంది. చెయ్యెత్తుతుంది.

రెండు ఎర్ర రిబ్బన్లు!

క్లైవ్ చూస్తాడు. బొటనవేలు ఎత్తుతాడు. కారు అడుగు కదులుతుంది.

ఆగుతుంది.

హెల్మెట్ సందులోంచి వాడి కళ్లు. రిబ్బన్ల మీద కాదు. ఆమె ముఖం మీద!

ఎనిమిది నెలలుగా నవ్విన ముఖం. ఇప్పుడు నవ్వడం లేదు. ఆమె కళ్లలో నీళ్లు. ఆ నీళ్ల వెనక ఉన్న పగని దాచుకునే ఓపిక ఆమెకి లేదు. దాచుకోలేదు.

"టెగన్..." హెడ్‌సెట్‌లో వాడి గొంతు. "వెనకాల... పీకావా?"

"రెండూ చూపిస్తున్నాగా."

"పీకావా అని అడుగుతున్నా!"

"కదలరా బాబూ, ఇంజిన్ ఉడికిపోతుంది!" అంటాడు హెడ్లీ. "రెండూ ఉన్నాయి పిల్ల చేతిలో. నాకు కనపడుతోంది!"

కారు కదలదు.

రెండు సెకన్లు... అయిదు...

ఏ డ్రైవరైనా ఈపాటికి గీత మీద ఉండాలి. జోరీ అలాగే నమ్మి వెళ్లాడు.

ఇంజిన్ ఆగిపోతుంది!

బెల్టులు ఎగిరిపడతాయి. క్లైవ్ కారులోంచి దొర్లి బయటపడతాడు. లేస్తాడు. పరిగెత్తుతాడు. వెనక్కి! పారాచూట్ సంచి మీద పడతాడు. పిన్ను ఉండాల్సిన బెజ్జంలో వేలు పెడతాడు.

ఖాళీ!

పిన్ను లేదు.

టెగన్ నిజంగానే పీకేసింది. పీకాలనుకోలేదు. దేవుడి సాక్షిగా అనుకోలేదు. వేళ్లే పీకేశాయి. ఎనిమిది నెలలు వాడు మప్పిన అలవాటు, రిబ్బను కనపడగానే చెయ్యి దానంతటదే గుంజేసింది. ఆ నీళ్లు అందుకే. చంపడం కూడా చేతకాని అక్కని కదరా, అని తమ్ముడి కోసం వచ్చిన నీళ్లు.

క్లైవ్ లేస్తాడు. ముఖం పాలిపోయి ఉంది. నాలుగంగల్లో వచ్చి ఆమె కాలర్ పట్టుకుంటాడు. హెల్మెట్‌లో మైకు వాడి మూతి దగ్గరే ఉంది.

"నాతో ఆటలా? నన్నే చంపుదామనుకున్నావా? మూడోది ఎక్కడ?"

"ఏది?" అంటుంది టెగన్.

"నటించకు! మూడో పిన్ను ఎక్కడే?"

ఫైర్ ట్రక్కు దగ్గర నిలబడ్డవాళ్లు తలలు తిప్పుతారు. అందరి చెవుల్లోనూ హెడ్‌సెట్లు.

క్లైవ్ పట్టు సడలుతుంది. వాడికి ఇప్పుడు అర్థమైంది. తన నోటి నుంచి ఏం వచ్చిందో.

టెగన్ వాడి చెయ్యి కాలర్ మీంచి తీసేస్తుంది. మెల్లగా. వేలు వేలు.

"నువ్వు నూరేళ్లు బతకాలి క్లైవ్," అంటుంది. మొదటిసారి నువ్వు అంటుంది. "జైల్లో. ఒక్క రోజు కూడా తగ్గకూడదు."

లైట్ల స్తంభం దగ్గర నుంచి హెడ్లీ నడిచొస్తున్నాడు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాట ముఖంలో గిర్రున తిరుగుతోంది. ముసలాయన క్లైవ్ ఎదుటికి వచ్చి ఆగుతాడు. హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకుంటాడు.

"కారుకి రెండేగా ఉండేది," అంటాడు. "మూడోదేంట్రా, క్లైవ్?"