నేలకు దిగిన రెక్కల గుర్రం

“ఇది ఎవరి మీదైనా పడితే?”

ఆ ప్రశ్నకు నిచ్చెన మీదున్న అమ్మాయికి ఒళ్లు మండింది. నెలల తరబడి తనే వెల్డింగ్ చేసి తయారుచేసిన రెక్కల గుర్రం అది. పాత వాషింగ్ మెషిన్ల రేకులతో ఒళ్లు, కంప్యూటర్ వైర్లతో జూలు, సైకిల్ చువ్వలతో రెక్కలు. నిద్రపుచ్చుతూ నాయనమ్మ చెప్పిన కథల్లో రాకుమారుణ్ణి ఏడు సముద్రాలు దాటించిన గుర్రం. లైబ్రరీలో పిల్లల హాలు కప్పుకు దాన్ని వేలాడదీయాలి. ఎల్లుండే ప్రారంభం.

“పడదు, ఎగురుతుంది,” అంది కిందికి చూడకుండానే.

“ఎగిరేవే కదండీ పడేది!”

అప్పుడు చూసింది. తలకు హెల్మెట్, చేతిలో టేపు, మొహం నిండా దిగులు. హాలు భద్రత చూడటానికి వచ్చిన ఇంజనీరు.

“మీ పేరేంటి, డౌటుగారా?”

అతను నవ్వలేదు. “గుర్రానికి రెట్టింపు బరువు కట్టి చూడాలి. ఇసుక బస్తాలు తెప్పించాను.”

“అంటే నా మీద నమ్మకం లేదన్నమాట.”

“మీ మీద ఉంది. కొక్కెం మీద లేదు.”

ఆ కొక్కెం నాన్న తుక్కు కొట్టులోంచి తనే ఏరి తెచ్చింది. పౌరుషం పొడుచుకొచ్చింది. బస్తాలు పైకి లేవగానే గబగబా వెళ్లి వాటి కింద నిలబడింది.

“చూడండి, నేనే నిలబడ్డా. చాలా?”

“ఇవతలికి రా!”

అంత పెద్ద గొంతు అతనికుందని ఎవరూ అనుకోలేదు. చెయ్యి పట్టి లాగేశాడు. పైన కొక్కెం విచ్చుకుంది. బస్తాలు దభాల్న పడి పగిలాయి. హాలంతా ఇసుక.

ఆమె మణికట్టు మీద అతని వేళ్లు వణుకుతున్నాయి. చెయ్యి వదిలేసి, ఒక్క మాటైనా అనకుండా బయటికి వెళ్లిపోయాడు.

ఎంతసేపటికీ తిరిగి రాలేదు. ఫోన్ స్విచాఫ్.

రిపోర్టు రాయడానికి వెళ్లాడనుకుంది. రాయడూ మరి? ఆ బస్తాల చోట గుర్రం, తన చోట పిల్లలు... లైబ్రేరియన్ మేడం వచ్చి, “ఇంజనీరుగారు ఓకే అన్నారామ్మా?” అంటే తల అడ్డంగా ఊపింది. గుర్రాన్ని విప్పేద్దామని స్పానర్ తీసింది. బోల్టు మీద పెట్టింది గానీ తిప్పడానికి చెయ్యి రాలేదు.

బయట వాన మొదలైంది. ఆ వానలో ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ముద్దగా తడిసిన ఇంజనీరు, వెనకే గొడుగుతో నాన్న దిగారు. ట్రాలీలో మందపాటి ఇనప పలక ఉంది.

“ఫోన్ ఎందుకు ఆపేశారు?” ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“ఆపలేదండీ. బస్తా కింద పడి నుజ్జయింది.”

“చెప్పి వెళ్లొచ్చుగా!”

“మాట వస్తే కదా చెప్పడానికి. మీకేమన్నా అయ్యుంటే...” అక్కడితో ఆగిపోయాడు.

నాన్న గొడుగు మూస్తూ అందుకున్నాడు. “వాకబు చేసి మన కొట్టుకొచ్చి అంతా తిరగేశాడమ్మా ఈ అబ్బాయి. ప్రతి రేకూ తట్టి చూశాడు. పక్కన నువ్వు నిలబడతావట, గట్టిగా ఉండాలట. పిల్లల మాట ఆ తర్వాత గుర్తొచ్చింది.”

ఇంజనీరు హెల్మెట్ తీసి అనవసరంగా తుడవడం మొదలుపెట్టాడు. “కప్పుకు వేలాడదీయొద్దు. వెనక కాళ్లు చాపి ఈ పలకకు బిగిద్దాం. అప్పుడే నేల మీద వాలినట్టు ఉంటుంది.”

“కథలో అది ఎగురుతుంది కదా?”

“దిగుతుంది కూడా కదండీ. లేకపోతే పాపం రాకుమారుడు ఎలా దిగుతాడు?”

ఆమెకు నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని వెల్డింగ్ అద్దాలు పెట్టుకుంది.

ప్రారంభం రోజు పిల్లలు గుర్రం పొట్ట నిమిరారు, జూలు లాగారు, దాని చెవిలో రహస్యాలు చెప్పారు. అది కదల్లేదు. అయినా ఇంజనీరు స్తంభం చాటున నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

“ఇంకేం భయం?” అని అడిగిందామె దగ్గరికొచ్చి.

“ఇవాళ్టితో ఇక్కడ నా పని అయిపోయింది. రేపు మిమ్మల్ని చూడాలంటే ఏ వంకా లేదు.”

“వంక దేనికి? ఊరికే రాకూడదా?”

“రోజూ రావాలనుంది. జీవితాంతం. మీరు కాదంటే మాత్రం...”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఈసారి వణికేది ఎవరి వేళ్లో ఇద్దరికీ తెలియలేదు.

హాలు అవతలి నుంచి నాన్న కేక వేశాడు. “ఏమయ్యా, సంగతి చెప్పావా? నన్నే చెప్పమంటావా?”

హాలంతా ఇటు తిరిగింది. ఆమె మొహం కందిపోయింది. “చెప్పేశారు నాన్నా!”

“మరి నువ్వేమన్నావ్?”

“సరే అన్నాను.”

ఇంజనీరు ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆ మాట అతను వినడం అదే మొదటిసారి.