మెలిక మరిచిన చేయి

పొద్దున గిన్నెలు తోమి బోర్లించగానే కూతురు దారం చుట్టిన చెక్క కండెలు వేలాడే లేసు దిండు తెచ్చి తల్లి ముందు పెట్టింది.

నలభై ఏళ్లు లేసు అల్లి, వీధిలో సగం మంది ఆడపిల్లలకు పని నేర్పిన మనిషి ఆ తల్లి. పక్షవాతం వచ్చి తగ్గింది. చేతులు కదిలాయి గాని, అల్లిక మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. వచ్చిన పనే మళ్లీ నేర్పమన్నాడు డాక్టరు. నేర్పడం మొదలై ఇరవై రోజులు.

"నాలుగు కండెలు. మధ్య రెండూ దాటించు, ఎడమది పైన. ఆఁ. ఇప్పుడు ఇటు జత, అటు జత మెలిపెట్టి సూది గుచ్చు."

తల్లి దాటించింది. మెలిపెట్టకుండానే సూది గుచ్చేసింది.

"మెలిక ఏదీ?"

"వేశానుగా తల్లీ."

"వేశావు, నా మొహం! చేతులా, చెక్కపేళ్లా అవి?" కూతురు చేతిలోని చెక్క కండె తల్లి వేళ్ల కణుపుల మీద టక్కున పడింది. ముసలామె పెదవి బిగబట్టింది. కూతురికి లోపలెక్కడో చల్లగా అనిపించింది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న భర్త ఆగిపోయాడు. "అత్తయ్యకు నేర్పుతున్నావా, పగ తీర్చుకుంటున్నావా?"

"ఏడేళ్లప్పుడు నాకు అమ్మ బుజ్జగించి నేర్పిందా? తప్పుకొక దెబ్బ. ఏడిస్తే ఇంకొకటి. నాకు పని రాలేదా?"

"వచ్చింది. దాంతోపాటు ఇదీ వచ్చింది," అని అతను వెళ్లిపోయాడు.

దేవుడు అన్నీ చూస్తాడంటారు. ఆ ఏడేళ్ల పిల్లనూ చూశాడా? చూసి ఎందుకూరుకున్నాడో!

తల్లి మళ్లీ మొదలుపెట్టింది. దాటించింది, గుచ్చింది, చటుక్కున ఆగింది. "మెలిక పోయింది," అంది.

ఇరవై రోజుల్లో తన తప్పు తనకు కనబడటం ఇదే మొదలు. కూతురి మొహం విప్పారింది. "అదీ! మరి విప్పు!"

తల్లి విప్పలేదు. కుడిచేతిని బోర్లించి, కణుపులు పైకి వచ్చేలా పిడికిలి బిగించి, దిండు పక్కన పెట్టింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"తొందరగా కొట్టెయ్యమ్మా. ఏడవను."

అచ్చం అలాగే పెట్టేది కూతురు, ఏడేళ్లప్పుడు. ఆ మాటే అనేది. ఇన్ని రోజులకూ అమ్మకు తను నేర్పగలిగింది ఇదొక్కటేనా?

కండె జారి నేల మీద దొర్లింది. కూతురు ఆ పిడికిలిని రెండు చేతుల్లోకి తీసుకుని, కమిలిన కణుపులకు మొహం ఆనించి భోరుమంది.

కొట్టేవాళ్లెవరో వస్తున్నట్టు తల్లి కంగారుగా గుమ్మం వైపు చూసి, వంగి, గుసగుసగా చెప్పింది:

"ఊరుకో తల్లీ, ఊరుకో. ఏడిస్తే ఇంకొకటి పడుతుంది."