ముట్టని అన్నం

ఆ ఉదయం కూడా జఠరికకు వేయడానికి హైమ చేతిలో రెండు అరటి తొక్కలు, నాలుగు వంకాయ తొడిమలు తప్ప ఏమీ లేవు. వంటింటి గోడలోని ఉక్కు నోరు వాటిని మింగింది. పక్కనున్న పలక మీద అక్షరాలు వెలిగాయి: "ఇంటికి సరి. గుమ్మదీపానికి మిగులు లేదు."

కాకినాడలో ఏ ఇంటి చెత్త ఆ ఇంటి కరెంటుగా మారడం మొదలై పదిహేనేళ్లయింది. వీధుల్లో కుప్పలు లేవు, వాసన లేదు. ఇంటి అవసరం తీరాక మిగిలిన శక్తితో వాకిట్లో గుమ్మదీపం వెలుగుతుంది. దీపం ఎంత కాంతిగా ఉంటే ఇల్లు అంత నిండుగా ఉన్నట్టు.

సాయంత్రం అత్తగారు మొదటిసారి కాపురం చూడడానికి వస్తున్నారు.

"అంతా మీవల్లే," అంది హైమ, ఆఫీసుకు బయలుదేరుతున్న భర్త కిరీటితో. "జామకాయలు గింజలతో సహా నమిలేస్తారు. నిన్నటి మామిడి టెంక అయితే తల దువ్వినట్టుంది."

"ఒకే కంచంలో తింటే ఏం మిగులుతుంది? పోనీ విడిగా తిందామా?"

"ఆ మాట అన్నారంటే ఊరుకోను."

నవ్వుతూనే అంది కానీ, అతను వెళ్లాక ఒకచోట నిలవలేకపోయింది. పెరట్లో ఎండుటాకులు ఏరింది. గుప్పెడు కూడా కాలేదు. గుమ్మం దాకా వెళ్లి, ఆరిన దీపాన్ని చూసి, మళ్లీ లోపలికి వచ్చింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో తనకే తెలియదు.

"ఏంటమ్మా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" సాయంత్రం అయిదింటికి ప్రహరీ అవతలి నుంచి పక్కింటి రాజ్యం గారి గొంతు. యాభై దాటిన స్కూలు టీచరు. వీధి మొత్తంలో ఆవిడ గుమ్మదీపమే పెద్ద వెలుగు.

హైమ సంగతి చెప్పింది. ఆవిడ లోపలికి వెళ్లి, మూత పెట్టిన గిన్నె గోడ మీంచి అందించారు.

"ఇది వేసెయ్. మేం ముగ్గురు ఆడవాళ్లం, మాకు చెత్తకేం లోటు? మా దీపానికి మళ్లీ వండుతాలే."

మళ్లీ వండడమేమిటో హైమకు అర్థం కాలేదు. జఠరిక దగ్గర మూత తీసింది. గోరువెచ్చని అన్నం, పప్పు, బెండకాయ వేపుడు. ముగ్గురికి సరిపడా ఉంది. వేలి గుర్తు కూడా లేదు.

గిన్నె పట్టుకుని వెళ్లి ఆ ఇంటి తలుపు కొట్టింది. చాలాసేపటికి తెరుచుకుంది.

"తలుపు చప్పుడని పోల్చుకోలేకపోయాను," అన్నారు రాజ్యం గారు. "ఎవరైనా కొట్టి ఏడాదైంది."

లోపల కుర్చీలు మూడు. మనిషి ఒక్కరే.

"చెల్లెళ్లిద్దరికీ కర్నూలు బదిలీ అయింది. వండడం మాత్రం ముగ్గురికీ వండుతూనే ఉన్నా."

"మరి మీరు తినట్లేదా, పిన్నిగారూ?"

"ఒక్కదానికి ఏం సయిస్తుందమ్మా? కాఫీతో గడిచిపోతుంది. ఇదంతా అందులో వేస్తే దీపమన్నా నిండుగా వెలుగుతుంది. అది మసకబారిందా, పాపం ఒంటరిదని వీధంతా జాలిపడుతుంది."

వదులుగా వేలాడుతున్న ఆవిడ గాజుల్ని హైమ అప్పుడు చూసింది. గడియారం అయిదున్నర చూపిస్తోంది. ఇప్పుడు వేస్తే అత్తగారు వచ్చేసరికి తన గుమ్మం వెలుగుతుంది. గిన్నె వంక చూసింది. గుమ్మం వంక చూసింది.

"రెండు కంచాలు తీయండి, పిన్నిగారూ."

మొదటి ముద్ద రాజ్యం గారికి గొంతు దిగడానికి మంచినీళ్లు కావలసి వచ్చాయి. నాలుగో ముద్దకు వేపుడు మళ్లీ అడిగారు. కిరీటి టెంక చీకే పద్ధతి హైమ చేసి చూపిస్తే పొలమారేంతగా నవ్వారు. గిన్నె అడుగు కనిపించేసరికి బయట చీకటి పడింది. రెండు గుమ్మాల్లోనూ దీపం లేదు.

తలుపు దబదబా మోగింది. గుమ్మంలో సంచితో, కోడల్ని వెతుక్కుంటూ వచ్చిన హైమ అత్తగారు. వెనక ఎదురింటివాళ్లు, ఆ పక్కింటివాళ్లు.

"రాజ్యం గారి దీపం ఆరడమేంటని పరిగెత్తుకొచ్చాం," అన్నారు ఎదురింటాయన, ఆయాసపడుతూ. "ఏమైందండీ?"

రాజ్యం గారు ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, అంతమందిని ఒక్కసారి చూసి, తడబడ్డారు.

"ఏం లేదండీ," అన్నారు. "ఇవాళ అన్నం తిన్నాను."